‘లాంచ్’ అంటే మొదలుపెట్టడమేనా?

మీరు అడిగినవి మూడు సందేహాలు. ఆఫీసు ప్రెస్ నోట్‌లో ‘ద యాప్ లాంచ్డ్ ఆన్ మండే’ అని రాస్తే మీ మేనేజరు దాన్ని ‘వాజ్ లాంచ్డ్’ అని దిద్దారు, ఇద్దరిలో ఎవరిది రైటు? షిప్‌యార్డులో చేసి రిటైరైన మీ నాన్నగారు ‘లాంచ్ అయిన రెండేళ్లకి గానీ ఆ ఓడ బయటికి వెళ్లలేదు’ అంటుంటారు, లాంచ్ అంటే ప్రారంభమే అయితే ప్రారంభించాక రెండేళ్లు ఊరికే ఎందుకు పెట్టుకున్నారు? ఇక మూడోది, గోదావరి మీద తిరిగే లాంచీ, ఈ లాంచ్ ఒకటేనా?

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను: కాదు. చూడటానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ రెండిటి పుట్టిల్లూ వేరు. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు మీ నాన్నగారి మాట తేల్చాలి, ఎందుకంటే అది తేలితే మొదటి ప్రశ్న సగం తేలిపోయినట్టే.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఓడలు కట్టే పనిలో ఉండి, ఇప్పుడు గాజువాకలో ఇంజనీరింగ్ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ మాట నాకు రెండు వైపుల నుంచీ తగిలింది. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది.

ఓడల పనిలో లాంచ్ అంటే ఒక్కటే అర్థం. కట్టిన ఓడ మొదటిసారి నేలను వదిలి నీటిలో తేలడం. అంతే. అప్పటికి ఓడ పూర్తయి ఉండదు. బయటి డొల్ల, అంటే హల్, మాత్రం సిద్ధంగా ఉంటుంది. ఇంజిన్ ఎక్కించి ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. లోపల గదులుండవు, వైరింగ్ సగమే ఉంటుంది, రంగులు అక్కడక్కడా పడి ఉంటాయి. నీటిలోకి దింపాక దాన్ని టగ్గులతో లాక్కెళ్లి జెట్టీకి కడతారు. అసలు పని అక్కడ మొదలవుతుంది. దాన్ని ఫిట్టింగ్ అవుట్ అంటారు. అది అయ్యాక సముద్రంలో ట్రయల్స్, ఆ తర్వాత డెలివరీ. నేవీ ఓడ అయితే కమిషనింగ్ (దళంలో చేర్చుకోవడం). అంటే లాంచ్ అనేది ఓడ జీవితంలో పుట్టుకా కాదు, ఉద్యోగంలో చేరడమూ కాదు. మధ్యలో వచ్చే రోజు.

నమ్మకపోతే తేదీలు చూడండి. మన ఊరి పేరే పెట్టుకున్న యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విశాఖపట్నం ముంబైలోని మజగావ్ డాక్‌లో 2015 ఏప్రిల్ 20న లాంచ్ అయింది. నౌకాదళంలో చేరింది 2021 నవంబర్ 21న. ఆరేళ్లు దాటింది. మన ఊళ్లోనే కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జూలై 26న లాంచ్ అయితే, దళంలోకి తీసుకున్నది 2016లో. అందరికీ తెలిసిన టైటానిక్ కూడా 1911 మే 31న నీటిలోకి దిగింది, ప్రయాణానికి బయల్దేరింది మరుసటి ఏడాది ఏప్రిల్ 10న. మీ నాన్నగారి ఓడ రెండేళ్లలో బయటపడిందంటే ఫరవాలేదు, చాలా వేగంగా చేసినట్టే.

పత్రికల్లో మాత్రం ఈ రెండూ కలిసిపోతుంటాయి. లాంచ్ రోజున ‘జాతికి అంకితం’ అని రాస్తారు, కమిషన్ రోజున మళ్లీ ‘జాతికి అంకితం’ అని రాస్తారు. జాతి కూడా రెండుసార్లు తీసుకుంటుంది, ఏమీ అనదు.

ఓడను నీటిలోకి దింపే పద్ధతులు కొన్ని ఉన్నాయి. డ్రై డాక్‌లో, అంటే గేటున్న పొడి గోతిలో, కడితే గొడవ లేదు, గేటు తెరిచి నీళ్లు వదిలితే ఓడ ఉన్నచోటే తేలుతుంది. అరిహంత్‌ను అలాగే తేల్చారు. నాకు ఇష్టమైనది మాత్రం పాత పద్ధతి, స్లిప్‌వే. నీటివైపు వాలుగా కట్టిన పెద్ద గట్టు మీద ఓడను కడతారు. దించే ముందు ఓడ బరువంతా కింద దిమ్మెల మీద నుంచి తప్పించి, జారుడు పట్టాల మీదకు మారుస్తారు. ఆ పట్టాల మధ్య దట్టంగా గ్రీజు. పూర్వం పశువుల కొవ్వు, సబ్బు పూసేవారు. టైటానిక్‌కు అలా 22 టన్నులు పూశారట. సముద్రంలో పోటు చూసుకుని సమయం పెట్టుకుంటారు. ఆ రోజు ముహూర్తం పెట్టేది పంతులుగారు కాదు, పోటూ పాటుల పట్టిక. (పూజ ఉండదని కాదు. పూజ పోటు ప్రకారం జరుగుతుంది.) ఒక్కొక్క ఆపూ తీసేస్తూ వస్తారు. చివరి ఆపు తీసేదాకా వేల టన్నుల ఇనుము కదలదు. తీసాక ఒక క్షణం ఏమీ జరగదు. ఆ తర్వాత ఎక్కడో కిర్రుమని చప్పుడై, వెనక భాగం ముందుగా జారడం మొదలవుతుంది. నిమిషం అటూ ఇటూ, అంతే. టైటానిక్ జారడానికి పట్టింది 62 సెకన్లు.

నేను ట్రైనీగా చేరిన కొత్తలో మొదటి లాంచ్ చూస్తున్నప్పుడు, ఓడ కదిలిందో లేదో నా పక్కనున్న రిగ్గర్ మేస్త్రీ ఒకాయన చేతి గుడ్డతో మొహం తుడుచుకుని, ‘ఇంక మన సేతిలో లేదు బాబూ’ అన్నాడు. ఇంగ్లిష్ డిక్షనరీలు చాలా తిరగేశాను గానీ లాంచ్ అనే క్రియకు ఇంతకన్నా మంచి అర్థం నాకు ఎక్కడా దొరకలేదు.

ఎందుకో చెబుతాను. ఈ మాట మూలం ఓడ కాదు, ఈటె. లాటిన్‌లో ‘లాంకియా’ అంటే రోమన్ సైనికులు విసిరే తేలికపాటి ఈటె. అసలు అది లాటిన్ మాట కూడా కాదని, స్పెయిన్ ప్రాంతం నుంచి వచ్చిందని రోమన్ పండితుడు వర్రో అన్నట్టు పాత రాతల్లో ఉంది. ఆ ఈటె పేరు నుంచి ‘ఈటె విసరడం’ అనే క్రియ పుట్టింది. అది పాత ఫ్రెంచిలోకి వచ్చింది. మధ్య ఫ్రాన్సులో దాన్ని ‘స’ శబ్దంతో పలికితే, ఉత్తరాన నార్మన్లు ‘చ’ శబ్దంతో పలికారు. ఇంగ్లండును జయించింది నార్మన్లు కాబట్టి ఇంగ్లిష్‌కు ముందుగా అంటుకున్నది ‘చ’ రూపం, లాంచ్. తర్వాత ‘స’ రూపం కూడా వచ్చి చేరింది, లాన్స్. ఒకే తల్లి పిల్లలు రెండు దారుల్లో వచ్చి ఒకే ఇంట్లో దిగినట్టు. క్యాచ్, చేజ్ అనే మాటలు కూడా ఇలాంటి జంటే. మనకు తద్భవాల్లో ఇలాంటి జంటలు కొత్త కాదు కదా.

లాన్స్ తోబుట్టువులు మీకు తెలిసినవే. పుండు కోసే చిన్న కత్తి లాన్సెట్. 1823లో లండన్‌లో మొదలైన ప్రఖ్యాత వైద్య పత్రికకు ఆ పేరే పెట్టారు. ఫ్రీలాన్సర్ అంటే ఏ రాజుకూ కట్టుబడకుండా డబ్బిచ్చిన వాడి తరఫున ఈటె పట్టే సైనికుడు. ఇప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో లాప్‌టాప్ పట్టుకున్నాడు, అంతే తేడా.

పధ్నాలుగో శతాబ్దపు ఇంగ్లిష్‌లో లాంచ్ అంటే విసరడం, దూకడం, పొడవడం. పుండును కోయడాన్ని కూడా లాంచ్ అనేవారు, ఆ వాడుక తర్వాత పోయింది. ఓడను నీటిలోకి వదలడం అనే అర్థం దాదాపు 1400 నాటికి స్థిరపడింది. ఈటెకూ ఓడకూ పోలిక ఎక్కడంటే ఆ మేస్త్రీ చెప్పిన చోటే. ఈటె చేతిలో ఉన్నంతసేపు మీ ఇష్టం. గురి మార్చుకోవచ్చు, మానేయొచ్చు. వదిలాక ఏమీ చేయలేరు. ఓడ కూడా అంతే. చివరి ఆపు తీశాక ‘ఒక్క నిమిషం ఆగు’ అనడానికి లేదు. పథకం, ఉద్యమం, వ్యాపారం, దాడి, వీటన్నిటికీ ఈ మాట తర్వాత పాకింది ఆ పోలిక మీదే. ఇరవయ్యో శతాబ్దంలో రాకెట్లు వచ్చాక మాట మళ్లీ దాని పుట్టింటికే చేరినట్టయింది. రాకెట్ అంటే ఆకాశంలోకి విసిరిన ఈటె కాక మరేమిటి?

కాబట్టి లాంచ్‌ను ‘ప్రారంభించడం’ అని అనువదించి ఊరుకోవడంలోనే మీ తికమకంతా ఉంది. స్టార్ట్ అంటే మొదలుపెట్టడం. లాంచ్ అంటే తయారుచేసుకున్నదాన్ని చేతిలోంచి ఒక దిక్కుకు వదలడం. దానికి ముందు తయారీ ఉండాలి, వదిలేవాడు ఉండాలి, వెళ్లే దిక్కు ఉండాలి.

తెలుగులో దీనికి ఒక్క మాట లేదని మా విద్యార్థులు తెగ బాధపడతారు. ఒక్కటి లేకపోవడమే మంచిది అంటాను నేను. ఓడకు జలప్రవేశం అంటున్నాం, గృహప్రవేశం లాగా. చక్కటి మాట. కాకపోతే ఒక తేడా గమనించండి: జలప్రవేశంలో ఓడ తనంతట తానే పెళ్లికూతురిలా గడప దాటినట్టు ఉంటుంది, లాంచ్‌లో ఎవరో దాన్ని తోసినట్టు ఉంటుంది. పుస్తకానికి ఆవిష్కరణ, అంటే కప్పు తీసి చూపించడం. రిబ్బన్ విప్పే పనిని సరిగ్గా పట్టుకున్న మాట. సినిమాకు విడుదల. రాకెట్‌కూ క్షిపణికీ ప్రయోగం. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన అనువాదం. ఎందుకంటే ప్రయోగం అంటే ల్యాబ్‌లో చేసే పరీక్ష ఒక్కటే కాదు, అస్త్రప్రయోగం కూడా. విల్లు నుంచి అస్త్రం వదలడం అనే పాత అర్థం అందులో ఉంది. లాటిన్ ఈటెకు తెలుగు అస్త్రం జవాబు చెప్పింది. పైగా లాంచ్ వెహికల్‌ను ఉపగ్రహ వాహక నౌక అన్నారు. పీఎస్‌ఎల్‌వీలో ఎక్కడా ఓడ లేదు, తెలుగు పత్రికల్లో మాత్రం ఉంది. శ్రీహరికోట నుంచి నౌక నింగిలోకి వెళ్తుంది. లాంచ్ అనే మాటకు ఓడతో ఉన్న చుట్టరికాన్ని తెలిసో తెలియకో నిలబెట్టారు.

ఇక మీ ప్రెస్ నోట్. ‘యాప్ లాంచ్డ్’ అని మీరు ఎందుకు రాశారో నాకు తెలుసు. మీ మనసులో ఉన్నది ‘యాప్ లాంచ్ అయింది’. తెలుగులో మనం ఇంగ్లిష్ క్రియను తెచ్చుకుని పక్కన ‘చేయు’ పెడితే సకర్మకం, ‘అవు’ పెడితే అకర్మకం. లాంచ్ చేశారు, లాంచ్ అయింది. ఎవరు చేశారన్న గొడవ ‘అయింది’లో లేదు. అదే వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి దింపేసరికి అక్కడ రెండు దారులు కనిపిస్తాయి: ‘లాంచ్డ్’, ‘వాజ్ లాంచ్డ్’. మన ‘అయింది’ రెండిటికీ సరిపోతుంది కాబట్టి ఏది రాయాలో తోచదు. కొందరు ఈ తంటా తప్పించుకోవడానికి ‘గాట్ లాంచ్డ్’ అంటారు. మాటల్లో సరే గానీ ప్రెస్ నోట్‌లో అది బాగోదు.

మీ వాక్యం తప్పు కాదు. ఇంగ్లిష్‌లో కొన్ని క్రియలు రెండు వైపులా పనిచేస్తాయి. ‘దే సాంక్ ద షిప్’ అంటే ఓడను ముంచారు, ‘ద షిప్ సాంక్’ అంటే ఓడ మునిగింది. మనం ముంచు, మునుగు అని క్రియ రూపమే మార్చుకుంటాం. దించు, దిగు. తేల్చు, తేలు. ఇంగ్లిష్ వాడు ఒకే రూపంతో లాగించేస్తాడు. లాంచ్‌కు కూడా అకర్మక వాడుక కొత్తగా వచ్చిందేమీ కాదు, దూకడం, బయల్దేరడం అనే అర్థంలో పాతకాలం నుంచీ ఉంది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, లూకా సువార్త 5వ అధ్యాయంలో, యేసు సీమోనుతో పడవను లోతుకు తీసుకెళ్లి వలలు వేయమంటాడు. అక్కడున్న మాట ‘లాంచ్ అవుట్ ఇంటు ద డీప్’. తోయడానికి ఎదురుగా కర్మ లేదు చూడండి. ఇప్పుడు వ్యాపార పత్రికల్లో ‘ద ఫోన్ లాంచెస్ ఇన్ జూన్’ అని రోజూ కనిపిస్తుంది, ఎవరూ తప్పు పట్టరు.

అయినా మీ మేనేజరు దిద్దుబాటులో అర్థం ఉంది. అది కంపెనీ పేరు చెప్పుకోవాల్సిన ప్రెస్ నోట్. ‘ద యాప్ లాంచ్డ్’ అంటే యాప్ తనంతట తానే బయటికి నడిచి వచ్చినట్టుంటుంది, ‘వాజ్ లాంచ్డ్’ అంటే వెనక ఎవరో ఉన్నారని తెలుస్తుంది. నన్నడిగితే రెండూ వద్దు, కర్తనే ముందు పెట్టండి. ‘వియ్ లాంచ్డ్’ అనో, కంపెనీ పేరుతో ‘లాంచ్డ్ ఇట్స్ యాప్’ అనో రాయండి. చేసినవాళ్లు మీరై ఉండి దాక్కోవడం దేనికి?

మీకు ఇంకో చిక్కు వస్తుంది, మీరు అడగకపోయినా చెబుతాను. మీ యూజర్ మాన్యువల్లో ‘లాంచ్ ద యాప్’ అని ఉంటుంది. ప్రెస్ నోట్‌లో యాప్ సోమవారం లాంచ్ అయిందంటారు, మాన్యువల్లో రోజూ లాంచ్ చేయమంటారు. ఒక్కసారే జరగాల్సింది రోజూ ఎలా జరుగుతుంది? దీనికి జవాబు జాలరిపేట ఒడ్డున ఉంది. తెల్లారకముందే వెళ్లి చూడండి. నలుగురైదుగురు కలిసి పడవను ఇసుక మీద నుంచి అలల్లోకి తోస్తారు. అల విరిగే చోటు దాటించడమే గండం. సరైన అల చూసి ఒక్కసారిగా తోసి ఎక్కేస్తారు. ఇంగ్లిష్‌లో అదీ లాంచే. పెద్ద ఓడకు అది జీవితంలో ఒక్కసారి, ఒడ్డున పెట్టుకునే తెప్పకూ ఫైబర్ బోటుకూ వేటకు వెళ్లిన ప్రతిరోజూ. ఇంగ్లండులో మునిగేవాళ్లను కాపాడే లైఫ్‌బోట్ల వాళ్లు బోటును ఎన్నిసార్లు దింపితే అన్ని లాంచ్‌లు అని లెక్క రాసుకుంటారు. యాప్ తయారుచేసిన మీరు షిప్‌యార్డు, దాన్ని రోజూ తెరిచేవాడు జాలరి. ఒకే క్రియ, ఇద్దరికీ సరిపోయింది.

ఆ పోలికను ఇంకాస్త లాగితే, మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం ఉంటుంది. నిషేధం ముగిసి హార్బర్ నుంచి బోట్లన్నీ మళ్లీ బయల్దేరడాన్ని లాంచ్ అనకూడదు. అవి అప్పటికే నీటిలో ఉన్నాయి. అక్కడ ‘సెట్ అవుట్’ సరిపోతుంది. రిపేరుకని గట్టు ఎక్కించి తిరిగి దింపితే మాత్రం లాంచే, లేదా రీలాంచ్. యాప్‌ను కొత్త పేరుతో మళ్లీ వదిలినప్పుడు మీరు వాడే రీలాంచ్ కూడా ఇదే.

వేటిని లాంచ్ చేయకూడదో చెబితే సంగతి ఇంకా తేలికగా అర్థమవుతుంది. కదలనివాటిని చేయకూడదు. ఫ్లైఓవర్‌ను, ఆసుపత్రిని, మ్యూజియంను ‘ఓపెన్’ చేస్తారు, పెద్దమనిషి వచ్చి చేస్తే ‘ఇనాగరేట్’ చేస్తారు. ఆర్‌కే బీచ్‌లో ఉన్న కురుసుర జలాంతర్గామినే తీసుకోండి. అది 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరింది. అంతకుముందెప్పుడో నీటిలోకి లాంచ్ అయింది. 2001 ఫిబ్రవరిలో రిటైరైంది. తర్వాత దాన్ని నీటి నుంచి ఇసుక మీదకు లాక్కొచ్చి మ్యూజియం చేసి 2002 ఆగస్టులో ప్రారంభించారు. ఆ ప్రారంభాన్ని లాంచ్ అంటే ఆ జలాంతర్గామి నొచ్చుకుంటుంది. జరిగింది సరిగ్గా తిరగబడ్డ పని కదా. ఇలా కావాలని ఒడ్డుకు ఎక్కించడాన్ని ‘బీచ్’ అనే క్రియతో చెబుతారు. 2020 అక్టోబర్‌లో తుఫాను గాలికి లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గరకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ గుర్తుందా, ఊరంతా వెళ్లి సెల్ఫీలు తీసుకున్నాం? అది కావాలని చేసింది కాదు కాబట్టి ‘రాన్ అగ్రౌండ్’.

ఇనాగరేట్ గురించి ఒక్క ముక్క. రోమ్‌లో ఆగర్లు అనే పూజారులు పక్షులు ఎటు ఎగురుతున్నాయో చూసి మంచి చెడ్డలు చెప్పేవారు. వాళ్లు సరేనన్నాక మొదలుపెట్టడమే ఇనాగరేట్. దసరా నాడు పాలపిట్ట కోసం మెడ నొప్పెట్టేలా చూసే మనకు ఇది వివరించనక్కర్లేదు.

సినిమావాళ్ల లాంచ్ మన దేశపు ప్రత్యేకత. కొబ్బరికాయ కొట్టి, క్లాప్ కొట్టి, మొదటి షాట్ తీసిన రోజును ‘మూవీ లాంచ్’ అంటున్నారు. అప్పటికి చేతిలో కథ తప్ప మరేమీ ఉండదు, ఒక్కోసారి అదీ ఉండదు. ఓడల లెక్కలో అది కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నెముక) వేసిన రోజు. ముహూర్తం అనే మంచి మాట ఉండగా దీన్నెందుకు తెచ్చారో నాకు అర్థం కాదు. ‘ఫలానా నిర్మాత కొడుకును హీరోగా లాంచ్ చేస్తున్నారు’ అన్నప్పుడు మాత్రం మాట అతికినట్టు సరిపోయింది. కొన్నేళ్లు డాన్సులూ ఫైట్లూ నేర్పించి, పోటు చూసి, జనంలోకి తోస్తారు. తేలాడా లేదా అన్నది వాళ్ల చేతిలో లేదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పి ఈ భాగం ముగిస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నా సైకిల్ పోయింది. స్టేషన్‌లో ఇవ్వడానికి ఇంగ్లిష్‌లో కాగితం రాసి, ‘ఐ విష్ టు లాంచ్ ఎ కంప్లైంట్’ అని గొప్పగా పెట్టాను. మా సూపర్వైజరు చదివి, ‘ఎటువైపు విసురుతావు? ఎస్సైగారి మీదకా?’ అని అడిగాడు. కంప్లైంట్‌ను లాంచ్ చేయరు, ‘లాడ్జ్’ చేస్తారు. అంటే అధికారి దగ్గర దాఖలు చేసి ఉంచుతారు. మన బస్టాండుల దగ్గరుండే లాడ్జీలో మనుషులు దిగినట్టు, కంప్లైంట్ స్టేషన్‌లో దిగుతుంది. ఈ తప్పు ఇప్పటికీ నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది చేస్తారు. దర్యాప్తును మాత్రం లాంచ్ చేయొచ్చు, ఎందుకంటే అది బయల్దేరి ఎక్కడికో వెళ్తుంది. అలాగే క్యాంపెయిన్, దాడి. దాడి అన్నప్పుడు ఎవరి మీద అనే దానికి ‘ఆన్’ గానీ ‘అగెయిన్‌స్ట్’ గానీ రావాలి. నా సైకిల్ దొరకలేదు.

‘లాంచ్ ఇంటు’ అనేది వేరే సరుకు. ‘హి లాంచ్డ్ ఇంటు ఎ స్పీచ్’ అంటే ఉపన్యాసం ప్రారంభించాడని కాదు, అందుకున్నాడని. అడగకముందే, ఆపడానికి సందు ఇవ్వకుండా. పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దాయన తన మోకాలి ఆపరేషన్ గురించి ఎత్తుకుంటే అది లాంచ్ ఇంటు. అక్కడా అదే గుణం, జారాక ఆగదు.

ఇప్పుడు లాంచీ. ఈటెకూ దీనికీ సంబంధం లేదు. పాత యుద్ధనౌకలు తమతో మోసుకెళ్లే చిన్న పడవల్లో పెద్దదాన్ని ఇంగ్లిష్‌లో లాంచ్ అనేవారు. ఈ నామవాచకం పోర్చుగీసు, స్పానిష్ భాషల్లోని ‘లాంచా’ నుంచి పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. పోర్చుగీసు నావికులకు ఆ మాట మలయ్ భాషలోని ‘లాంచారాన్’ అనే వడిగల పడవ పేరు నుంచి వచ్చి ఉంటుందని నిఘంటుకారులు ఎక్కువగా చెబుతారు. మలయ్‌లో ‘లాంచార్’ అంటే అడ్డంకి లేకుండా వేగంగా సాగడం. అంటే రాజమండ్రి నుంచి పాపికొండలు చూపించే లాంచీ, సాగర్‌లో నాగార్జునకొండకు తీసుకెళ్లే లాంచీ పేరులో బంగాళాఖాతం అవతలి ఒడ్డు ఉంది. లాటిన్ ఈటె లేదు. ఇలా మన సముద్రం మీదుగా తిరిగిన మాటలు ఇంకా ఉన్నాయి. మన గిడ్డంగి లాంటి మాటే మలయ్‌లో గుడాంగ్ అయి, పోర్చుగీసువాళ్ల నోట పడి, ఇంగ్లిష్‌లో గోడౌన్ అయి, తిరిగి మన దగ్గరికే గోడౌన్‌గా వచ్చిందని చాలామంది భాషావేత్తల లెక్క. పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చిన కూతుర్ని ఎవరో అనుకుని కుర్చీ వేసినట్టుంది.

లాంచీ చివర ఆ ‘ఈ’ ఎందుకొచ్చిందో కూడా చూడండి. హల్లుతో ఆగే ఇంగ్లిష్ మాట తెలుగులోకి వస్తే మనం చివర ఒక అచ్చు తగిలిస్తాం. మామూలుగా ‘ఉ’: బస్సు, కారు, కోర్టు, రోడ్డు. ‘చ్’తో ఆగితే మాత్రం ‘ఇ’, ‘ఈ’: బెంచీ, వాచీ, బ్రాంచి, మార్చి. ఆ వరసలోనిదే లాంచీ. అంటే అది చెవితో విని, నోటికి తగ్గట్టు మార్చుకున్న పాత సరుకు. ‘లాంచ్ చేశారు’లోని లాంచ్ అలా మారలేదు, ‘లాంచీ చేశారు’ అని ఎవరూ అనరు. టీవీ, పేపరు, ఆఫీసు ద్వారా ఇంగ్లిష్ చదివినవాళ్ల చేత వచ్చిన కొత్త సరుకు కాబట్టి పొల్లు పొల్లుగానే ఉండిపోయింది. ఒక మాట ఎప్పుడొచ్చిందో దాని తోక చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది.

మన ఊరికి ఈ మాటతో పాత అనుబంధమే ఉంది. సింధియా కంపెనీ షిప్‌యార్డుకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న అక్కడ కట్టిన ఎనిమిది వేల టన్నుల ‘జల ఉష’ను నెహ్రూగారు నీటిలోకి పంపారు. స్వతంత్ర భారతంలో లాంచ్ చేసిన మొదటి పెద్ద ఓడ అది. కంపెనీ పోయి ప్రభుత్వ హిందుస్థాన్ షిప్‌యార్డు వచ్చినా బస్సు కండక్టర్ల నోట ఆ స్టాపు ఇంకా సింధియాయే. పాశ్చాత్యులు ఓడ ముక్కుకు షాంపేన్ సీసా కొట్టి పగలగొడతారు, మనం కొబ్బరికాయ కొడతాం. అరిహంత్‌కు అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ కొట్టారు. మన నౌకాదళ ఓడల లాంచ్‌లో అథర్వవేద మంత్రాలు చదవడం కూడా ఆనవాయితీ.

పలకడం దగ్గర మాత్రం జాగ్రత్త. లాంచ్‌లో దీర్ఘం ఉంది. బ్రిటిష్ వాళ్లు నోరు గుండ్రం చేసి ‘లోంచ్’కు దగ్గరగా అంటారు, అమెరికాలో చాలామంది ‘లాంచ్’ అంటారు. రెండూ సరే. దీర్ఘం మింగేస్తే అది లంచ్, మధ్యాహ్న భోజనం. మొన్న ఒక కుర్రాడు ఇంటర్వ్యూలో ‘ఐ లంచ్డ్ త్రీ ప్రాడక్ట్స్’ అన్నాడట. మూడు ప్రాడక్టులు తినేశాడన్నమాట. దాని చివర సున్నా చేర్చి తెలుగులో పలికితే ఇంకా ప్రమాదం.

మీ నోట్‌లో రెండో పేరాలో ‘ద యాప్ విల్ బి కమిషన్డ్ షార్ట్‌లీ’ అని కూడా ఉంది. అది మీ నాన్నగారి భాష, యాప్‌కు నప్పదు. దాన్ని తీసేసి ‘ద పేమెంట్ ఫీచర్ విల్ ఫాలో ఇన్ ఎ మంత్’ అని ఏం రాబోతోందో నేరుగా రాయండి. మీ మేనేజరు అప్పుడు ‘వాజ్ లాంచ్డ్’ జోలికి కూడా రాకపోవచ్చు.